పెరట్లో పందిరి వేసి నూట యాభై మందితో చెల్లెలి పెళ్లి చేయాలనుకుంటున్నాము, సలహా ఇవ్వగలరు

ప్రశ్న (నల్లగొండ నుంచి)

అందరికీ నమస్కారం. మా చెల్లెలి పెళ్లిని వచ్చే వైశాఖంలో మా ఇంటి పెరట్లోనే జరిపించాలని అనుకుంటున్నాము. ఇంటి దగ్గర పెళ్లి చేసిన అనుభవం ఉన్నవారు, ముఖ్యంగా మన నల్లగొండ, పాలమూరు వైపు ఎండలూ నీళ్ల సంగతీ తెలిసినవారు, కొంచెం ఓపిక చేసి సలహా ఇవ్వగలరని ఆశిస్తున్నాను.

ఫంక్షన్ హాలు వద్దనుకోవడానికి కారణం ఖర్చు ఒక్కటే కాదు. రెండేళ్ల కిందట మా అమ్మకు పక్షవాతం వచ్చి కుడి కాలూ కుడి చేయీ పడిపోయాయి. మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి మార్చాలంటేనే ఇద్దరు మనుషులు కావాలి. కారులో అరగంట కూర్చుంటే నడుము నొప్పితో ఏడుస్తుంది. హాలులో నాలుగైదు గంటలు ఉండడం ఆమె వల్ల కాదు. నాన్నగారు లేరు, కాళ్లు కడిగి కన్యాదానం చేయవలసింది నేనూ నా భార్యా. పుస్తె కట్టేటప్పుడు అమ్మ తన కళ్లతో చూడాలన్నది మా అందరి కోరిక. చెల్లెలయితే అమ్మ చూడని పెళ్లి తనకు వద్దని తేల్చి చెప్పింది.

ఇల్లు పట్టణ శివారులో ఉంది. వెనుక స్థలం 200 గజాలు, అంటే ముప్పై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు. మధ్యలో కాస్త ఒక పక్కకు పెద్ద వేపచెట్టు, ఒక మూలన బోరు, ఇంటి గోడను ఆనుకుని సెప్టిక్ ట్యాంకు ఉన్నాయి. పక్కనున్న ఖాళీ ప్లాటును రెండు రోజులు వాడుకోమని దాని యజమాని పెద్దమనసుతో చెప్పారు. ఇంట్లో రెండు బాత్‌రూములు ఉన్నాయి.

అబ్బాయి వాళ్లది జడ్చర్ల. వారి వైపు నుంచి అరవై మంది బస్సులో వస్తారు, మా వైపు తొంభై మంది అనుకున్నాము. ముహూర్తం పగలు 11 గంటల ప్రాంతంలో కుదరవచ్చని అయ్యగారు చెప్పారు, కానీ లగ్నపత్రిక ఇంకా రాయలేదు.

నా సందేహాలు ఇవి. నూట యాభై మందికి ఈ స్థలం సరిపోతుందా? వైశాఖం ఎండలో షామియానా కింద పెద్దవాళ్లు ఎలా కూర్చుంటారు? వంట మేమే చేయించుకుంటే ఏమేమి చూసుకోవాలి? హాలు రసీదు లేకపోతే పెళ్లి రిజిస్ట్రేషన్‌కు గానీ కల్యాణలక్ష్మికి గానీ ఇబ్బంది వస్తుందా? అన్నిటికన్నా నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది మరొకటి: మా నాన్నగారి వైపు చుట్టాలే మూడు వందల మంది దాకా ఉంటారు. వాళ్లలో ఎవరిని పిలిచి ఎవరిని మానేయాలో తెలియక రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

తమ్ముడూ, అమ్మగారి కోసం మీరు తీసుకున్న నిర్ణయం చాలా మంచిది. మా పెద్దమ్మాయి పెళ్లిని మేము కూడా ఇంటి వెనుకనే, ఫాల్గుణంలో, నూట ఇరవై మందితో చేశాము. అందులో సరిగ్గా కుదిరినవీ, తప్పిపోయినవీ చెబుతాను.

మొదట నీడ సంగతి. మే నెలలో మన దగ్గర ఎండ 42, 43 డిగ్రీలకు చేరడం మామూలే. అటువంటి ఎండలో బట్ట షామియానా పైనుంచి నీడను ఇస్తుంది కానీ కిందికి వేడిని కూడా దింపుతుంది, మధ్యాహ్నం పన్నెండు దాటాక దాని కింద కూర్చున్నవారికి తల మీద పెనం పెట్టినట్టే ఉంటుంది. మా అత్తగారు పట్టుబట్టడంతో మేము గుంజలు పాతించి తాటి కమ్మల పందిరి వేయించాము. కమ్మలు రెండు వరుసలు పరిచి, ముందు రోజు సాయంత్రం పైన నీళ్లు చల్లిస్తే మరునాడంతా చల్లదనం నిలిచింది. ఇప్పటికీ ఊళ్లలో ఈ పందిరి వేయగలిగినవాళ్లు ఉన్నారు. అయితే కమ్మలు రెండు మూడు రోజులు ముందుగానే కొట్టించి తెప్పించుకోవాలి, పని కూడా ఒక పూట ఎక్కువ పడుతుంది. వైశాఖంలో సాయంత్రాలు ఒక్కసారిగా గాలిదుమారం లేచి వాన పడుతుందన్నది కూడా గుర్తు పెట్టుకోవాలి. బట్ట అయినా కమ్మలయినా గుంజ రెండు అడుగుల లోతుకు దిగి, తాళ్లు నాలుగు వైపులా లాగి కట్టి ఉండాలి.

కమ్మల పందిరికి ఒక పెద్ద ప్రమాదం ఉంది, అది నిప్పు. హోమగుండం ఉండే చోట మాత్రం పైన కమ్మలు గానీ బట్ట గానీ లేకుండా ఖాళీ వదిలి, లేదా రేకు వేయించి, పక్కన రెండు బకెట్ల ఇసుక, రెండు బకెట్ల నీళ్లు ఉంచండి. వాటిని చూసుకోవడానికి ఒక మనిషిని కూడా పేరు పెట్టి నియమించండి. అందరూ చూస్తారులే అనుకుంటే ఎవరూ చూడరు.

మీ వేపచెట్టును పెళ్లికి నెల రోజుల ముందే ఒకసారి పై కొమ్మల దాకా పరిశీలించండి. మా పెరట్లో చింతచెట్టు ఉంది. దాని మీద తేనెపట్టు ఉన్న సంగతి మాకెవరికీ తెలియదు. మైలపోలు (పెళ్లికి ముందు చేయించే మంగళస్నానం) తీసే రోజున చెట్టు పక్కనే పొయ్యి పెట్టి నీళ్లు కాచాము. పొగ పైకి పోయేసరికి తేనెటీగలు గుంపుగా లేచాయి. మా మరిది కొడుకును పద్నాలుగు చోట్ల కుట్టాయి. పెళ్లిరోజున హోమం పొగకు లేచి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడదడలాడుతుంది. తేనెపట్టు ఉంటే తెలిసినవాళ్లతో ముందే తీయించండి. వైశాఖం చివరికి వేపపండ్లు రాలడం కూడా మొదలవుతుంది, అవి కాలి కింద నలిగితే గచ్చు మీద జారుతాయి. చెట్టు కింద చాపలు పరిపించి, ఉదయమే ఒకసారి ఊడిపించుకుంటే సరిపోతుంది.

ఇక సెప్టిక్ ట్యాంకు. దయచేసి దాని పైన కుర్చీలు గానీ, వంట పొయ్యి గానీ, వడ్డన బల్లలు గానీ పెట్టించకండి. పాత ట్యాంకుల మీది బండలు ఇద్దరు ముగ్గురు నడిస్తే ఓర్చుకుంటాయి, ఇరవై మంది ఒకేసారి ఫొటో కోసం ఎక్కి నిలబడితే ఓర్చుకోవు. మా వాడకట్టులో ఒక శుభకార్యంలో అలా బండ పగిలి ఒక పెద్దాయన కాలు విరిగింది. ముందుగా ట్యాంకును ఖాళీ చేయించి, దాని చుట్టూ పూలకుండీలో, అరటి బోదెలో పెట్టించి తాడు కట్టేస్తే ఎవరూ అటు వెళ్లరు, చూడడానికి అలంకరణలాగే ఉంటుంది.

ఒక్క మాట మాత్రం తప్పకుండా అయ్యగారిని అడగండి. ముహూర్తం ఇంకా ఖరారు కాలేదంటున్నారు కనుక సాయంత్రపు గోధూళి వేళకు గానీ, తెల్లవారుజామున గానీ మీ జాతకాలకు కుదిరే లగ్నం ఉందేమో చూడమనండి. పగలు 11 గంటల ముహూర్తమంటే పుస్తె కట్టి, తలంబ్రాలు, అప్పగింతలు పూర్తయి భోజనాలకు లేచేసరికి ఎండ నడినెత్తిన ఉంటుంది. అమ్మగారిలాంటివారు ఆ వేళ బయట ఉండడం మంచిది కాదు.

చివరగా ఒక సంతోషం మీతో పంచుకుంటాను. హాలులో పెళ్లి చేస్తే పసుపు కొట్నం, ఐరేని కుండలు తేవడం, మైలపోలు, అన్నీ గడియారం చూసుకుంటూ ముగించవలసి వస్తుంది. ఇంటి దగ్గర అలా కాదు. కుమ్మరివారి ఇంటి నుంచి సున్నం, జాజు బొట్లతో అలంకరించిన ఐరేని కుండలు ఎత్తుకుని, మా ఆడపడుచులు సన్నాయి మేళంతో ఇంటి దాకా నడిచి వచ్చారు. మా అమ్మాయి ఆ కుండలలో ఒకదానిని ఇప్పటికీ తన ఇంట్లో దాచుకుంది.

జవాబు (మిర్యాలగూడ నుంచి)

నమస్కారం అన్నగారూ. నేను ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లకు వంటలు చేయిస్తున్నాను. పైన అక్కగారు చెప్పినవన్నీ నిజమే. వంట, నీళ్లు, కరెంటు గురించి నేను చెబుతాను.

స్థలం సరిపోతుందా అన్న దానికి నా సమాధానం ఇది. 200 గజాలంటే 1,800 చదరపు అడుగులు. చెట్టు, బోరు, ట్యాంకు చోటు తీసేస్తే మీకు 1,300 దాకా మిగులుతుంది. కుర్చీ ఒక్కింటికి నడిచే దారితో కలిపి పది అడుగుల లెక్కన వేసుకుంటే, మండపం పోగా వంద కుర్చీలకు మించి పట్టవు. నూట యాభై మందీ ఒకేసారి కూర్చునేది తలంబ్రాల వేళ ఒక్కటే కాబట్టి, పిల్లలకు ముందు వైపు చాపలు వేస్తే కష్టం లేకుండా నడుస్తుంది. భోజనాలు మాత్రం పెరట్లో పెట్టుకోకండి. ఖాళీ ప్లాటులో ఒక పక్క వంట, మరొక పక్క బంతులు పెట్టించండి. మూడు బంతులలో అందరూ తింటారు.

నీళ్ల విషయంలో నల్లగొండ వాళ్లకు నేను ప్రత్యేకంగా చెప్పవలసిన పని లేదు. అయినా చెబుతాను, ఎందుకంటే పెళ్లి హడావిడిలో వంటవాళ్లు దగ్గరలో ఏ నీళ్లు కనిపిస్తే అవే పోస్తారు. మీ బోరు నీళ్లు గిన్నెలు కడగడానికీ బాత్‌రూములకూ మాత్రమే ఉంచండి. మన బోరు నీళ్లలో ఉండే ఫ్లోరైడు మరిగిస్తే పోదు, నీళ్లు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. దానికి తోడు బోరు నీళ్లు ఉప్పదనంతో గట్టిగా ఉంటే కందిపప్పు ఎంతసేపు ఉడికినా బద్దలు బద్దలుగానే ఉంటుంది. ఒకసారి నకిరేకల్ దగ్గర ఒక ఇంట్లో ఎనిమిది కిలోల పప్పును మూడు గంటలు ఉడికించి, చివరకు పారబోసి, క్యాన్ల నీళ్లతో మళ్లీ ఎసరు పెట్టాము. పెళ్లివారు బంతిలో కూర్చుని ఎదురుచూస్తుంటే నాకు తల ఎత్తుకోవడానికి లేకపోయింది. అందుకని వంటకు మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నల్లా నీళ్లు రెండు రోజుల ముందు నుంచే డ్రమ్ముల్లో పట్టి మూత పెట్టి ఉంచండి. తాగడానికి వైశాఖంలో మనిషికి మూడు లీటర్లు లెక్క వేసుకుంటే నూట యాభై మందికి 450 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఇరవై మూడు. మీరు ముప్పై చెప్పండి, మిగిలితే ఎక్కడికీ పోవు. కడుక్కోవడానికి ఒక ట్యాంకరు నీళ్లు విడిగా ఉండాలి.

వంటకాలు ఎన్ని ఎక్కువ పెడితే అంత గొప్ప అనుకోకండి. ఎండ పూట మనిషి తినేది తక్కువ, తాగేది ఎక్కువ. నేనయితే బగారా అన్నం, తెల్లన్నం, మామిడికాయ పప్పు, గుత్తి వంకాయ, దోసకాయ పచ్చడి, పచ్చిపులుసు, గారెలు, పెరుగు పెట్టి, తీపికి భక్ష్యాలు చేయిస్తాను. పాలమూరు నుంచి వచ్చేవారికి భక్ష్యం, దాని మీద నెయ్యి ఉంటే వేరే మిఠాయి అక్కరలేదు. పాలతో చేసే తీపి వంటలు ఈ ఎండకు ఉదయం చేస్తే మధ్యాహ్నానికి విరుగుతాయి, వాటి జోలికి పోకండి. బియ్యం రెండూ కలిపి పద్దెనిమిది కిలోలు, కందిపప్పు ఐదు కిలోలు, పెరుగు ఇరవై కిలోలు ఉంటే సరిపోతుంది. పెరుగును ఆ రోజు తెల్లవారుజామున తోడుకునేటట్టు పెట్టించాలి, ముందు రోజుదైతే పులిసిపోతుంది. మాంసం పెట్టదలచుకుంటే పెళ్లిరోజు కాకుండా మరునాటి దావత్‌లో పెట్టుకోండి. మనిషికి 150 గ్రాముల పచ్చి మాంసం తగ్గకుండా, తెల్లవారుజామున కోయించి వెంటనే పొయ్యి ఎక్కించాలి.

పెళ్లివారు వచ్చి దిగగానే మజ్జిగ ఇవ్వండి. కల్వకుర్తి, మల్లేపల్లి మీదుగా ఎండలో మూడు గంటలు బస్సులో వచ్చినవాళ్లకు కూల్‌డ్రింకుల కన్నా ఉప్పు, కరివేపాకు, అల్లం వేసిన పలుచని మజ్జిగ ప్రాణం లేచి వచ్చినట్టు చేస్తుంది.

విస్తరాకుల విషయంలో మీకు వీలయితే మోదుగాకు ఇస్తార్లు తెప్పించండి. ఆకుల చెత్త ఎరువు గుంటలోకి పోతుంది, ప్లాస్టిక్ పూత ఉన్న కాగితపు ప్లేట్లయితే రెండు రోజుల తరువాత కూడా పక్క ప్లాటులో గాలికి ఎగురుతూ ఉంటాయి. మంచి మనసుతో చోటు ఇచ్చిన ఆ యజమానికి మీరు స్థలాన్ని ఎలా తిరిగి అప్పగిస్తారన్నది కూడా పెళ్లి ఏర్పాట్లలో భాగమేనని నా అభిప్రాయం.

కరెంటు గురించి ఒక్కటే మాట. ఇంటి మీటరు నుంచి వైరు లాగి కూలర్లు, ఫోకస్ లైట్లు, మైకు, గ్రైండరు అన్నీ ఒకేసారి వేస్తే సరిగ్గా పుస్తె కట్టే సమయానికి ఫ్యూజు పోతుంది. కరెంటు ఆఫీసులో తాత్కాలిక కనెక్షన్‌కు ముందుగా దరఖాస్తు చేయండి, లేదా జనరేటరుకు బయానా ఇవ్వండి. వైర్లు నేల మీద, తడిలో పడి ఉండకూడదు. గ్యాసు కూడా ఇంటి సిలిండర్లు పనికిరావు, 19 కిలోల వాణిజ్య సిలిండర్లే తీసుకోవాలి.

ప్రశ్న అడిగినవారి మాట

అక్కా, అన్నగారూ, మీ ఇద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఈ రోజు ఉదయం నిచ్చెన వేసి చూశాము, వేపచెట్టు పై కొమ్మన నిజంగానే చిన్న తేనెపట్టు ఉంది. మీరు చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు. అయ్యగారిని కూడా సాయంత్రం లగ్నం చూడమని అడిగాను. రెండు బాత్‌రూములు సరిపోతాయా, కాగితాల సంగతేమిటి, ఈ రెండూ ఇంకా మిగిలాయి.

జవాబు (నాగర్‌కర్నూల్ నుంచి)

నేను రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. కాగితాల గురించి మీరు ఏమీ భయపడనవసరం లేదు. పెళ్లి హాలులో జరిగిందా, గుడిలో జరిగిందా, ఇంట్లో జరిగిందా అన్నదానితో చట్టానికి పనిలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం అబ్బాయికి 21, అమ్మాయికి 18 ఏళ్లు నిండి, ఇరువైపుల ఆచారం ప్రకారం పెళ్లి తంతు జరిగితే అది చెల్లుతుంది. మన రాష్ట్రంలో 2002 నాటి చట్టం కింద ప్రతి పెళ్లినీ రిజిస్టరు చేయించుకోవడం తప్పనిసరి, అందుకు సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి దంపతులు సాక్షులతో వెళ్లాలి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడుతున్నారు. చిన్న పెళ్లి కదా, సర్టిఫికెట్ ఉంటే చాలునని తంతును కుదించేస్తున్నారు. సప్తపది వంటి తంతు ఏదీ జరగకుండా కేవలం సర్టిఫికెట్ తీసుకున్నంత మాత్రాన హిందూ వివాహం అయినట్టు కాదని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కాబట్టి ఫొటోలు తీసే అబ్బాయికి జీలకర్ర బెల్లం, పుస్తె కట్టడం, ఏడడుగులు, ఈ మూడింటినీ ఇద్దరి ముఖాలూ స్పష్టంగా కనిపించేలా తీయమని ముందే చెప్పండి.

నూట యాభై మందికి పెళ్లిపత్రికలు ఎందుకు, ఫోన్‌లో పంపితే సరిపోతుందని అనుకోకండి. రిజిస్ట్రేషన్‌కు అచ్చువేసిన పత్రిక అడుగుతారు. అందులో పెళ్లి జరిగే చోటు అని మీ ఇంటి నంబరుతో సహా వేయించండి. కల్యాణలక్ష్మి గురించి కూడా అడిగారు. 2014 అక్టోబరులో ఎస్సీ, ఎస్టీ ఆడపిల్లల కోసం 51,000 రూపాయలతో మొదలైన ఈ పథకాన్ని తరువాత బీసీ, ఈబీసీలకు కూడా వర్తింపజేశారు, 2018లో మొత్తాన్ని 1,00,116 రూపాయలకు పెంచారు. చెక్కు అమ్మాయి తల్లి పేరు మీద వస్తుంది. మీ అమ్మగారు మంచం మీద ఉన్నారు కనుక ఆమె బ్యాంకు ఖాతా వాడుకలో ఉందా, ఆధార్‌లో పేరూ ఖాతాలో పేరూ ఒకేలా ఉన్నాయా అన్నది ఇప్పుడే చూడండి. నా ఉద్యోగ కాలంలో దరఖాస్తులు ఆగిపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం పేర్లలో ఒక అక్షరం తేడా. ఆదాయ పరిమితి ఉంటుంది కాబట్టి, మీకు వర్తిస్తుందో లేదో తహసీల్దారు కార్యాలయంలో గానీ మీసేవలో గానీ ముందుగా కనుక్కోండి.

మైకు పెట్టదలిస్తే పోలీసు స్టేషనులో ముందుగా అనుమతి తీసుకోవాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు వాడకూడదు. సాయంత్రం ముహూర్తమయితే బారాత్ పది లోపలే ముగించుకునేలా అబ్బాయి తరఫువారికి ఇప్పుడే చెప్పి ఉంచండి, ఆ రోజు చెబితే అది గొడవకు దారితీస్తుంది.

బాత్‌రూముల విషయంలో రెండు చాలవు. అబ్బాయి తరఫువారికి దగ్గరలో ఒక ఇల్లు విడిదిగా ఇప్పించండి. మీ ఇంటి రెండింటిలో ఒకదానిని అమ్మగారికీ పెళ్లికూతురికీ మాత్రమే ఉంచి, మిగిలినవారి కోసం అద్దెకు దొరికే మొబైల్ టాయిలెట్లు ప్లాటు చివరన పెట్టించండి. ఆడవాళ్లు ఆ రోజంతా నీళ్లు తాగకుండా బిగబట్టుకునే పరిస్థితి ఏ పెళ్లింట్లోనూ రాకూడదు.

జవాబు (దేవరకొండ నుంచి)

అన్నా, మీరు నిద్ర పట్టడం లేదన్న విషయం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మా పెళ్లి కూడా ఇంటి ముందరే జరిగింది, పిలవని చుట్టాల బాధ నేను దగ్గరగా చూశాను.

మీ ఇంట్లో కట్నాలు, అంటే పెళ్లిలో చుట్టాలు ఇచ్చే చదివింపులు, రాసిన పాత నోటుపుస్తకాలు ఉండే ఉంటాయి. మీ పెళ్లిలోనో, మీ నాన్నగారు చేసిన పెళ్లిళ్లలోనో ఎవరెవరు ఎంత కట్నం చదివించారో వాటిలో ఉంటుంది. మా మామగారు ఆ పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నారు. మేము వాళ్ల ఇళ్లలో కట్నం రాయించాము, వాళ్లు తిరిగి మా ఇంట్లో రాయించలేదు, అటువంటి ఇళ్లు నలభై దాకా తేలాయి. పిలుపు రానందుకు మొదట నొచ్చుకునేది వాళ్లే. పెళ్లి భోజనం తప్పిందని ఎవరూ బాధపడరు, తమ చేయి తీర్చుకునే అవకాశం ఇవ్వలేదని బాధపడతారు. ఎప్పుడో పదహారు రూపాయలు రాయించుకున్న ముసలమ్మ కూడా ఆ బాకీని గుర్తు పెట్టుకునే ఉంటుంది.

అందుకని మా మామగారు పెళ్లిని ఒక్క రోజుకు కుదించకుండా మూడు రోజులకు పంచారు. మైలపోలు రోజున వాడకట్టు వాళ్లందరినీ పిలిచారు. పెళ్లినాడు మేనమామలు, మేనత్తలు, అన్నదమ్ములు, ఆడపడుచులు, అంతే. సత్యనారాయణ వ్రతం రోజున మిగిలిన చుట్టాలను పిలిచి, కొత్త జంటను వాళ్ల ముందు కూర్చోబెట్టి, కట్నాలు కూడా ఆ రోజే రాయించుకున్నారు. ప్రతి ఇంటికీ మా అత్తమ్మ స్వయంగా వెళ్లి బొట్టు పెట్టి, పెళ్లి ఎందుకు చిన్నగా చేస్తున్నామో చెప్పి వచ్చింది. ఆ మూడో రోజుకు పిలిచిన వాళ్లలో ఒక్కరు కూడా మమ్మల్ని తప్పుపట్టలేదు. రెండు రోజుల ముందు ఫోన్‌లో చెప్పిన ఒక ఇంటివాళ్లు మాత్రం ఇప్పటికీ మాతో సరిగ్గా మాట్లాడరు.

మీరయితే అమ్మ పరిస్థితి చెప్పండి. ఆమెను ఎరిగినవాళ్లు ఎవరూ కాదనరు. అమ్మ నడవలేదు కాబట్టి బొట్టు పెట్టడానికి మీ భార్యనూ, మీ మేనత్తనూ కలిపి పంపండి. నాన్నగారి వైపు చుట్టాలకు నాన్నగారి తోబుట్టువే గడప తొక్కి చెప్పడం వేరు, మీరు చెప్పడం వేరు.

ప్రశ్న అడిగినవారి మాట

పెద్దలందరికీ, చెల్లెమ్మకూ కృతజ్ఞతలు. నాలుగు రోజుల్లో కుదిరినవి ఇక్కడ రాస్తున్నాను, ముందు ముందు మరొకరికి పనికొస్తాయేమోనని.

అయ్యగారు రెండు జాతకాలూ మళ్లీ చూసి సాయంత్రం లగ్నం ఒకటి కుదిర్చారు. అబ్బాయి నాన్నగారికి ఫోన్ చేసి పరిస్థితి వివరించాను. మొదట కొంచెంసేపు మాట్లాడలేదు, తరువాత "మీ అమ్మగారు ఆశీర్వదించడం కన్నా హాలు ఎక్కువా బాబూ" అన్నారు. బస్సు కూడా ఒకటి చాలునని ఆయనే చెప్పారు. విడిదికి మా వీధి చివర మాస్టారు తమ మేడ మీది భాగం ఇస్తామన్నారు. తేనెపట్టు తీసే మనిషి ఆదివారం వస్తాడు.

కట్నాల పుస్తకం దొరికింది. నాన్నగారి చేతిరాతతో ఉన్న రెండు నోటుపుస్తకాలు, బియ్యం డబ్బా వెనుక ట్రంకుపెట్టెలో. నేను పేర్లు చదువుతుంటే అమ్మ ఎడమ చేతి వేళ్లతో లెక్క పెడుతూ, ఎవరెవరు ఇప్పుడు లేరో, ఎవరి కోడలిని పిలవాలో మాటలు సరిగ్గా రాకపోయినా చెప్పింది. మేనత్త రేపు వస్తోంది. బొట్టు పెట్టడానికి పై వారం నుంచి నా భార్యతో కలిసి తిరుగుతుంది.

మండపం తూర్పుముఖంగా వేపచెట్టుకు ఎనిమిది అడుగుల ఇవతల వేయించాలని నిర్ణయించాము. నిన్న సాయంత్రం అక్కడ రెండు కుర్చీలు వేసి, అమ్మ మంచాన్ని వెనుక గది కిటికీ దగ్గరకు జరిపి చూశాము. చెక్క రెక్కలు పూర్తిగా తీస్తే కుర్చీలు రెండూ కనిపిస్తున్నాయి, కానీ కిటికీ ఊచ ఒకటి సరిగ్గా చెల్లెలి ముఖానికి అడ్డం వస్తోంది. మండపాన్ని ఒక అడుగు ఎడమకు జరపమని పందిరివాళ్లకు చెప్పాను.